రెండడుగులు ఎడంపక్కకి

వడ్రంగిపిట్టలకి మాకంటే ముందే తెలుసు.
రెండు చలికాలాలు బెరడు చెక్కి చెక్కి
పైకొమ్మల్ని గోధుమరంగుకి తెచ్చాయి.
మేమేమో డులూత్ ఎండకి అలా మెరుస్తోంది కాబోలనుకున్నాం,
ఇక్కడ ఎండంటూ ఎప్పుడు కాసింది గనక!

మునిసిపాలిటీ కుర్రాడొచ్చి
చాకుమొనతో బెరడు ఎత్తి చూపించాడు.
లోపలంతా మెలికలు,
మా అక్క లెంపీ దస్తూరీలా
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
"చిటికెనవేలి గోరంత పురుగండీ, పచ్చగా నగలా ఉంటుంది.
యాష్ చెట్టు కనిపిస్తే వదలదు."

నేను చూశాను దాన్ని.
నాలుగేళ్ళ కిందట జూన్‌లో, ఆరేసిన దుప్పటి మీద.
ముచ్చటగా ఉందని
ఉఫ్ మని ఊది చెట్టువైపే ఎగరేశాను.
ఈ సంగతి లెంపీకి చెప్పలేదు.

కొట్టడానికి పద్దెనిమిది వందల డాలర్లు,
మొద్దు పిండి చెయ్యడానికి ఇంకో మూడొందలు.
"నా మోకాలు మార్చినప్పుడు కూడా
నా చేతి డబ్బు ఇంత వదల్లేదు" అంది లెంపీ,
చెక్కు మీద సంతకం గీకుతూ.

అక్టోబర్ ఆఖరివారం. ముగ్గురు మనుషులు, ఒక క్రేను.
పైనుంచి కిందికి విప్పుకుంటూ వచ్చారు,
స్వెటర్ అల్లిక విప్పినట్టు.
మొదలు దగ్గర రంపం కెవ్వుమంది.
నిప్పురవ్వలు. ఆర్విడ్ తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.
చెక్క మధ్యలో ఇనప కొక్కెం,
మా నాన్న బట్టల తీగకని బిగించినది,
చుట్టూ కండపట్టి చెట్టు మింగేసింది.

ఆ కొక్కెం నేనే ఎక్కడో పారేశానని
నలభై ఏళ్ళుగా నన్ను ఆడిపోసుకుంది లెంపీ.
ఇప్పుడా ముక్కని ఒళ్ళో పెట్టుకుని
మెట్టు మీద కూర్చుంది, నోరు మెదపకుండా.
క్షమించమనే మాట మా ఇంటావంటా లేదు.
ఆ సాయంత్రం యాలకుల రొట్టె కోసి
చక్కెర ఎక్కువున్న అంచు నా పళ్ళెంలో వేసింది.
అప్పుడు చెప్పాల్సింది పురుగు సంగతి.
రొట్టె తిన్నాను.

మర్నాడు వంటింట్లోకి
వెలుతురు తలుపు తట్టకుండా వచ్చేసింది.
ఎన్నాళ్ళ బూజో అల్మారా మీద.
గోడకాగితం మీద పువ్వులు నీలం కావు, ఊదారంగువట.
పక్కింటివాళ్ళ స్నానాలగది సూటిగా మా కిటికీకి ఎదురు.
వాళ్ళకీ ఆ రోజే తెలిసినట్టుంది,
మధ్యాహ్నానికల్లా తెర వేలాడింది.

లెంపీకి ఆపిల్ కావాలి, ఐదేళ్ళలో కాయ.
నాకు ఓక్.
"నీడ పట్టాలంటే పాతికేళ్ళు" అంది నర్సరీ ఆవిడ.
లెంపీకి డెబ్భై నాలుగు, నాకు డెబ్భై ఒకటి.
"ఎవరి నెత్తికే ఆ నీడ?" అని
దుకాణమంతా వినిపించేలా నవ్వింది మా అక్క.
నేనూ నవ్వాను. అయినా ఓక్ అనే అన్నాను.

ఏ చెట్టన్నది తేలలేదు.
పాత వేళ్ళ మీద వద్దు, రెండు బారలు ఎడంగా పెట్టమన్నారు గనక
ఎక్కడన్నది ఇవాళ తేల్చుకుందామని
లెంపీ రబ్బరు బూట్లు తొడుక్కుని
చీపురు నెత్తిమీదకెత్తి పెరట్లో నిలబడింది.
నేను వంటింటి కిటికీలో.
నాన్న పాత స్కీ కర్ర ఆమె చంకలో ఉంది,
చోటు కుదరగానే గుచ్చడానికి.

రెండడుగులు ఎడంపక్కకి.
నా ఎడమా, నీ ఎడమా?
సరస్సు వైపు.
చేతులు పీకుతున్నాయే, త్వరగా.
ఇంకాస్త.
పక్కింటి తెర చీపురు వెనక దాక్కుంది.
దాని అంచునుంచి వేలెడు సరస్సు,
బూడిదరంగులో, కదలకుండా.
అదే చోటు. ఇక చాలు.

మంచు మొదలైంది, పొడిపొడిగా, టోపీ మీద, చీపురు పుల్లల మీద.
చెట్టు కొట్టించినంత పెద్దమనిషి
చెట్టులా వణుకుతూ నిలబడి ఉంది.
కిటికీ తెరిచాను.
"లెంపీ, ఆ పురుగుని నేను చూశానే. ఊది వదిలేశాను."

"ఏమిటీ?" అంది,
టోపీ చెవులమీదకి దిగిపోయి.

"ఇంకొక్క అడుగు" అన్నాను.
వేసింది.